7.4 కిలోల యుద్ధనౌక

ఐఎన్ఎస్ విశాఖపట్నం పొడవు 163 మీటర్లు, వెడల్పు 17.4 మీటర్లు, బరువు 7,400 టన్నులు. దాన్ని నూరో వంతుకు తగ్గించి రేడియోతో నడిచే నమూనా చేస్తే పొడవు 1.63 మీటర్లు వస్తుంది. బరువు మాత్రం నూరో వంతుతో ఆగదు. పొడవు, వెడల్పు, లోతు మూడూ నూరో వంతుకు దిగుతాయి కాబట్టి బరువు పది లక్షలో వంతు అవుతుంది. అంటే 7.4 కిలోలు. మోటార్లు, బ్యాటరీ, చుక్కాని తిప్పే సర్వో, రిసీవరు, పైనున్న ఫిరంగి, రాడార్ స్తంభాలు, రంగు... అన్నీ అందులోనే సరిపోవాలి. మించితే నమూనా నీటిగీత దాటి మునుగుతుంది. ఓడను చూసినవాళ్లెవరికైనా అది ఇట్టే తెలిసిపోతుంది. అందుకే హల్ దగ్గర, అంటే పడవ డిప్ప దగ్గర, నేను గ్రాములు లెక్కపెడతాను. గాజుగుడ్డ, రెసిన్ కలిపి చేసే డిప్పకు మించింది నాకు ఇంతవరకూ కనబడలేదు. చెక్క నీళ్లు పీలుస్తుంది, రేకు బరువెక్కుతుంది.

విశాఖలో ఎన్‌సీసీ నేవల్ వింగ్ పిల్లలు నా దగ్గరికొస్తుంటారు. వాళ్ల పోటీల్లో ఓడ నమూనాల తయారీ కూడా ఉంటుంది. అందరూ ముందు అడిగేది మోటారు గురించే. నేను ముందు ప్యాటర్న్ చూపించమంటాను. ఓడను అక్కడక్కడా అడ్డంగా కోస్తే కనిపించే ఆకారాలను ప్లైవుడ్‌లో కోసి, బల్ల మీద తలకిందులుగా వరసన నిలబెట్టి, మధ్య ఖాళీల్లో ఫోమ్ దిమ్మలు నింపి గరుకు కాగితంతో రుద్దితే వచ్చేదే ప్యాటర్న్. థర్మోకోల్ చవకే కానీ, దానికి పాలియెస్టర్ రెసిన్ తగిలితే అందులోని స్టైరీన్ థర్మోకోల్‌ను చూస్తుండగానే కరిగించేస్తుంది. ఎపాక్సీకైతే ఆ భయం లేదు. పుట్టీ పెట్టి, రుద్ది, మెరుగు పెట్టాక ట్యూబ్‌లైటు కింద పట్టుకుని చూడాలి. ముక్కు నుంచి వెనక దాకా వెలుగు గీత ఎక్కడా వంకరపోకుండా సాగాలి. వంకర ఉందంటే అక్కడ గుంతో మిట్టో ఉన్నట్టే. ప్యాటర్న్‌లో వదిలేసిన లోపం దాని మీద తీసే మౌల్డులోకి, అంటే అచ్చులోకి, అక్కడినుంచి ప్రతి డిప్పలోకీ వెళ్తుంది.

ప్యాటర్న్‌కు వ్యాక్స్ పట్టించి, దాని మీద జెల్‌కోటు అనే చిక్కటి రెసిన్ పూత, మందపాటి గాజు మ్యాట్ వేస్తే మౌల్డు తయారు. పైకి పోయేకొద్దీ పక్కలు లోపలికి వాలే ఓడలకు మౌల్డును రెండు ముక్కలుగా చేయాలి. లేకపోతే డిప్ప బయటికి రాదు.

మౌల్డులో డిప్ప పరిచే అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. నేను వాడే ఎపాక్సీకి 100 గ్రాముల రెసిన్‌కు 10 గ్రాముల హార్డనర్. కంటి అంచనా పనికిరాదు, త్రాసు మీదే తూచాలి. ఎక్కువ కలిపి మగ్గులోనే ఉంచితే దాని వేడికి అదే ఉడికి పొగలొస్తాయి. కొద్దికొద్దిగా కలిపి వెంటనే పరిచేయాలి. చేతులకు గ్లౌజులు తప్పనిసరి. పాలియెస్టర్ వాడేవాళ్లు కోబాల్ట్‌నూ క్యాటలిస్ట్‌నూ నేరుగా ఒకదాంట్లో ఒకటి ఎప్పుడూ కలపకూడదు. పేలే ప్రమాదముంది.

తెల్లటి గాజుగుడ్డ రెసిన్ తాగగానే పారదర్శకమవుతుంది. తెల్లమచ్చ మిగిలిందంటే లోపల గాలి ఉంది. తళతళలాడుతోందంటే రెసిన్ ఎక్కువైంది. నేత ఆనవాలు కనిపిస్తూ, మెరుపు అణిగి ఉండాలి. బలం గుడ్డది. రెసిన్ పని ఆ పోగుల్ని పట్టి ఉంచడం వరకే. చదరపు మీటరుకు 200 గ్రాములుండే గుడ్డ రెండు వరసలు, 80 గ్రాములది ఒకటి వేస్తే గుడ్డ బరువు 480 గ్రాములు. అంతే రెసిన్ పడితే మొత్తం 960. రెసిన్ రెట్టింపైతే 1,440. పెరిగిన 480 గ్రాములు డిప్పను పెళుసు చేస్తాయి తప్ప ఆ బరువుకు తగ్గ బలమివ్వవు. అందుకే బ్రష్షుతో పూయడం కంటే ప్లాస్టిక్ రేకుతో పిండి బయటికి లాగడం మీద ఎక్కువసేపు గడపాలి. మా సముద్రపు గాలి తేమకు గట్టిపడిన ఎపాక్సీ మీద ఒక్కోసారి జిడ్డు పొర కడుతుంది. నీళ్లతో కడిగి, రుద్ది, ఆ తర్వాతే మరో పూత. రుద్దేది తడిపి రుద్దితే గాజు ధూళి ఊపిరితిత్తుల్లోకి పోదు.

కార్బన్ ఫైబర్ మీద పిల్లలకు మోజెక్కువ. కానీ అది విద్యుత్ వాహకం, 2.4 గిగాహెర్ట్జ్ రేడియో సంకేతాన్ని అడ్డుకుంటుంది. కార్బన్ డిప్పలో యాంటెన్నా దాచిపెడితే పడవ చెరువు మధ్యలో మాట వినదు. గాజుగుడ్డతో ఆ బాధ లేదు. ఇంటర్నేషనల్ వన్ మీటర్ అనే తెరచాప నమూనాల తరగతిలోనైతే హల్‌కు కార్బన్ వాడకూడదని నియమమే ఉంది.

ఇక వేగం సంగతి. 1872లో ఇంగ్లండ్‌లోని టార్కీలో విలియం ఫ్రూడ్ మైనపు నమూనాలను ట్యాంకులో లాగి పరీక్షించాడు. విశాఖలోని నౌకాదళ ప్రయోగశాల ఎన్ఎస్‌టీఎల్‌లో ఇప్పుడు అలాంటిదే 500 మీటర్ల ట్యాంకు ఉంది. ఫ్రూడ్ చెప్పిన లెక్క ప్రకారం నూరో వంతు నమూనా అసలు ఓడ వేగంలో పదో వంతుతో నడవాలి. 30 నాట్లకు 3 నాట్లు, అంటే గంటకు అయిదున్నర కిలోమీటర్లు. అప్పుడే ముక్కు దగ్గర లేచే అల అసలు ఓడ అలలా ఉంటుంది. పెద్ద మోటారు బిగించి పరుగెత్తించే యుద్ధనౌకను చూడటానికి నాకు మనసొప్పదు.

చివరగా నీళ్ల తొట్టి పరీక్ష. బ్యాటరీని వీలైనంత కిందికి దించి, వేలితో పడవను పక్కకు వంచి వదలాలి. చప్పున లేచి నిలబడితే సరే. బద్ధకంగా లేస్తోందంటే బరువు పైనెక్కడో ఉంది. సీసం తెచ్చి అడుగున వేసేముందు ఆ రాడార్ స్తంభాలను ఊడదీసి ఒకసారి తూచండి.