గురువారం వచ్చే రైలు

ద్రాక్షారామం మీదుగా పోయే కాకినాడ–కోటిపల్లి రైలు మార్గానిది చిత్రమైన కథ. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పట్టాలు పీకి పట్టుకుపోయారు. మళ్లీ వేసి బండి నడిపేసరికి 2004 వచ్చింది. అంతకు ముందటేడు డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో తెలుగు వికీపీడియా మొదలైంది. దానికీ ఒక రైలుంది, వారం వారం వస్తుంది. నడిపేవాళ్లు కూడా దాన్ని రైలనే అంటారు.

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడి ద్రాక్షారామం తూర్పు గోదావరి నుంచి కోనసీమకు మారింది. వికీపీడియాలో ఊరి పేజీ తెరిచి జిల్లా పేరు దిద్ది భద్రపరిస్తే మరుక్షణం లోకమంతా చూస్తుంది. అయితే ఆ పేజీని మన ముందుంచే సాఫ్ట్‌వేర్ మీడియావికీ. అందులో వెతుకు పెట్టె తీరు మారాలన్నా, బొత్తాం మీది మాట మారాలన్నా అంత తేలిగ్గా కుదరదు. అది రైలెక్కి రావాలి.

ఒకప్పుడు వెబ్‌సైటు మార్చడమంటే ఎఫ్‌టీపీతో సర్వర్లోకి ఫైలు ఎక్కించడమే. పాత ఫైలు మీద కొత్తది పడేది, పాతది పోయేది. ఏం మారిందో ఎక్కించినవాడికే తెలియాలి, ఆయన సెలవు పెడితే అంతే సంగతులు. శాసనాల తీరు వేరు. ద్రాక్షారామం గుడిలో అవి వందలున్నాయి. కొత్తగా దానమిచ్చినవాళ్లు తమది వేరే చోట చెక్కించుకున్నారు గనకే ఎవరు, ఎప్పుడు, ఏమిచ్చారో ఈనాటికీ చదవగలుగుతున్నాం. వెర్షన్ కంట్రోల్ చేసే పనీ అదే. ప్రతి మార్పునూ పేరుతో, తేదీతో విడిగా దాస్తుంది. సీవీఎస్, సబ్‌వెర్షన్ అలా వచ్చాయి. లినక్స్ బృందం వాడుతున్న ఇలాంటి మరో పనిముట్టు బిట్‌కీపర్‌కు ఉచిత అనుమతి పోవడంతో 2005 ఏప్రిల్‌లో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ కొద్ది రోజుల్లోనే గిట్ రాసిపడేశాడు.

గిట్‌లో ‘హుక్’ అనే చిన్న ఏర్పాటుంది. ఇంట్లో కూర్చుని ‘గిట్ పుష్’ కొడితే మార్పులు సర్వరు మీది రిపాజిటరీకి, అంటే కోడ్ దాచే చోటికి, చేరతాయి. చేరిన వెంటనే ‘పోస్ట్-రిసీవ్’ అనే స్క్రిప్టు దానంతటదే లేచి, కొత్త ఫైళ్లను వెబ్‌సైటు ఫోల్డర్లో పరుస్తుంది. రెండు మూడు లైన్ల స్క్రిప్టు, అంతే. చిన్న సైటుకి ఇది చాలు. 2008 చివర్లో వచ్చిన గిట్‌హబ్ పేజెస్ ఆ మాత్రం శ్రమ కూడా లేకుండా చేసింది.

లక్షల మంది చూసే సైటుకు మాత్రం చాలదు. 2011 ఫిబ్రవరిలో వికీపీడియాను నడిపే వికీమీడియావాళ్లు మీడియావికీ 1.17ను ఎక్కించారు. నెలల తరబడి పోగుపడ్డ మార్పులన్నీ ఒక్కసారే వెళ్లేసరికి సర్వర్లు తట్టుకోలేకపోయాయి. వెనక్కి తీసేశారు. కొద్ది రోజులాగి, ముందు కొన్ని వికీలకే ఎక్కించి, బాగుందనుకున్నాక మిగతావాటికి పంపారు. నా దృష్టిలో రైలు పుట్టింది అక్కడే. మరుసటేడు మార్చిలో సబ్‌వెర్షన్ వదిలి గిట్‌కు మారారు. ఆ తర్వాత నెలల మూట విప్పి, వారానికింత పంపడం అలవాటు చేసుకున్నారు.

ఇప్పటి పద్ధతి ఇది. ఎవరైనా కోడ్ రాసి పంపితే యంత్రమే పరీక్షలు నడుపుతుంది, మరో మనిషి చదివి ఒప్పుకోవాలి. మంగళవారం ఆ వారపు కోడ్ ముందుగా పరీక్ష వికీలకు చేరుతుంది. బుధవారం విక్షనరీ, వికీసోర్స్ లాంటి సోదర ప్రాజెక్టులకూ, కొన్ని వికీపీడియాలకూ. మన వికీపీడియా వంతు గురువారం. ఈ పని చేసే పనిముట్టు పేరు స్కాప్. అది కూడా అన్ని సర్వర్లకూ ఒక్కసారే పంపదు. కొన్నిటికి పంపి, దోషాల చిట్టా చూస్తుంది. దోషాలు ఉన్నట్టుండి పెరిగితే అక్కడే ఆగిపోతుంది. పెద్ద లోపం బయటపడితే ఇంజినీరు రైలు ఆపి, పాత వెర్షన్‌కు తిప్పేస్తాడు. శుక్రవారం మామూలుగా ఏదీ పంపరు, వారాంతంలో తప్పు దిద్దడానికి మనుషులు దొరకరు మరి!

ఈ జాగ్రత్త లేకపోతే ఏమవుతుందో అమెరికాలో షేర్ల వ్యాపారం చేసే నైట్ క్యాపిటల్‌ని చూస్తే తెలుస్తుంది. 2012 ఆగస్టు 1కి ముందు ఎనిమిది సర్వర్లలో ఏడింటికి కొత్త కోడ్ ఎక్కించి, ఎనిమిదోదాన్ని మరిచారు. అందులో మిగిలిపోయిన పాత కోడ్ ఆ పొద్దున లేచి షేర్లు ఎడాపెడా కొని అమ్మింది. ముప్పావుగంటలో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం. చేత్తో చేసే పనిలో ఒకటి మరవడం సహజం, స్క్రిప్టుకు ఆ మరుపు లేదు. అలాగని యంత్రాన్నే నమ్మి కళ్లు మూసుకోకూడదు. స్క్రిప్టులోనే తప్పుంటే అన్ని సర్వర్లకూ ఒకే వేగంతో పాకిస్తుంది. అందుకే వేగం కంటే వెనక్కి తిప్పగలగడమే ఈ యంత్రంలో నాకు గొప్పగా తోస్తుంది.

వికీపీడియా రైల్లో ప్రోగ్రామర్లే కాదు, తెలుగు మాత్రమే వచ్చినవాళ్లూ ఎక్కవచ్చు. వికీపీడియా బొత్తాల మీది మాటలను ట్రాన్స్‌లేట్‌వికీ.నెట్‌లో ఔత్సాహికులే అనువదిస్తారు. అక్కడ రాసినదాన్ని బాట్ ఒకటి పోగుచేసి గిట్ రిపాజిటరీలో చేరుస్తుంది. తర్వాతి రైల్లో అది మన వికీకి వస్తుంది. నమ్మకం లేకపోతే రెండు వరుస శుక్రవారాలు తెలుగు వికీపీడియా ప్రత్యేక పేజీల్లో వెర్షన్ పేజీ తెరిచి చూడండి. మీడియావికీ సంఖ్య చివర ‘డబ్ల్యూఎంఎఫ్’ పక్కనున్న అంకె సాధారణంగా పెరిగి ఉంటుంది. తెలుగులోకి రావాల్సిన మాటలు ట్రాన్స్‌లేట్‌వికీలో ఇంకా ఉన్నాయి. ఖాతాకు పైసా ఖర్చు లేదు, ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. ఒక చెయ్యి వేయండి.