నల్లపొగ విడుచు పాత కారు

వెనుక గొట్టమునుండి నల్లపొగ వెలువడు కారును చూచి, ఇక దాని ఇంజను పని ముగిసినదని పలువురు తలచుచుందురు. అది తరచుగా తొందరపాటే. మనిషికివలెనే ఇంజనుకును అజీర్ణము చేయును. మండించుకొనగలిగినదానికంటె ఎక్కువ పెట్రోలు లోనికి పోయినపుడు అది పూర్తిగా మండక మసియై బయటపడును. అంత పెట్రోలు ఎందుకు పోవుచున్నదన్నదే మనము తేల్చుకొనవలసిన ప్రశ్న.

ముందు పొగ రంగు చూడవలెను. నీలిపొగ యైనచో ఇంజనాయిలు మండుచున్నది. దట్టమైన తెల్లపొగ విడువక వచ్చుచు, రేడియేటరులో నీరు తగ్గుచున్నచో ఆ నీరు సిలిండరులోనికి చేరుచున్నదని అనుమానింపవలెను. చలి వేకువన కొంతసేపు కనిపించు తెల్లని ఆవిరికి భయపడ నక్కరలేదు. పొగ నల్లగా నుండి, ప్లగ్గుపై పొడిమసి పట్టియున్నచో పెట్రోలు ఎక్కువగుచున్నదనుకొనవచ్చును.

ఒక పాలు పెట్రోలు చక్కగా మండుటకు తూకములో 14.7 పాళ్ళ గాలి కావలెను. పూర్వము ఈ పాళ్ళు కుదుర్చు పని కార్బురేటరుది. 1967లో బాష్ సంస్థవారి ఎలక్ట్రానిక్ ఇంజెక్షను పద్ధతి ఫోక్స్‌వాగన్ 1600 కారులో ప్రవేశించెను. మన దేశమున 2000 ప్రాంతమునుండి చిన్న కార్లలో సైతము అట్టి పద్ధతి వ్యాపించెను. ఇందు పెట్రోలు కొలుచునది ఒక చిన్న కంప్యూటరు. అది ఇంజనును కంట చూడదు. సెన్సారులు చెప్పిన మాట విని ఇంజెక్టరులను తెరచును. సెన్సారు అబద్ధమాడినచో కంప్యూటరు పొరపడును.

మా మిత్రులొకరు తమ పాత కారు పొగకు మొదట ప్లగ్గులు, పిదప ఇంజెక్టరులు మార్పించిరి. పొగ తగ్గలేదు. చివరకొక వృద్ధ మేస్త్రీ మల్టీమీటరు తెచ్చి, ఇంజనులోని నీటి వేడిని తెలుపు సెన్సారును పరీక్షించెను. ఇట్టి సెన్సారు నిరోధము 20 డిగ్రీల వద్ద సుమారు 2,500 ఓములు, 80 డిగ్రీల వద్ద సుమారు 300 ఓములు ఉండుట పలు కార్లలో పరిపాటి. ఇంజను చేయి పెట్టరానంతగా కాగియున్నను మీటరు 2,000 దాటి చూపెను! ఇంజను చల్లగా నున్నదని నమ్మి కంప్యూటరు అదనముగా పెట్రోలు పోయించుచుండెను. సెన్సారు మార్చిన పిదప పొగ ఆగెను. రోగమొకటి, మందొకటి యైనందున ఇంజెక్టరులపై పెట్టిన సొమ్ము వృథాయయ్యెను.

కావున ఖర్చులేని పరీక్షలు ముందు చేయవలెను. ఇంజనులోని గాలి ఒత్తిడిని కొలుచు సెన్సారు గల కార్లలో, దానికి పోవు రబ్బరు గొట్టము చిరిగినను ఊడినను పెట్రోలు హెచ్చును. పెట్రోలు ఒత్తిడిని అదుపుచేయు రెగ్యులేటరునకు గాలిగొట్టమున్నచో, దానిని ఊడదీసి చూడవలెను. అందు పెట్రోలు తడి కనిపించినచో లోపలి పొర చిరిగినట్లే. పొగగొట్టములోని ఆక్సిజన్ సెన్సారు వోల్టేజి సాధారణముగా 0.1, 0.9 నడుమ ఊగులాడవలెను. ఎల్లప్పుడు అడుగుననే నిలిచినచో కంప్యూటరు పెట్రోలు చాలలేదని భ్రమపడును. ఇవన్నియు సరిగా నున్నపుడే కారుచున్న ఇంజెక్టరులను వెదకవలెను.

పొగను ఉపేక్షింపరాదు. మండని పెట్రోలు సిలిండరు గోడల నూనెను కడిగివేయును. ఇంజనాయిలులో కలిసి దానిని పలుచబరచును. ఆయిలు కొలుచు కడ్డీకి పెట్రోలు వాసన తగిలినచో, మరమ్మతు పిదప ఆయిలు మార్పింపవలెను. అన్నిటికంటె ముఖ్యము, ఈ పొగతోకూడ రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడు హెచ్చుగా వెలువడును. అది ప్రాణము తీయగలదు. మూసిన షెడ్డులో ఇంజను ఎన్నడును నడుపరాదు. పరీక్ష ఏదైనను ఆరుబయటనే, పిల్లలను దూరముగా నుంచి చేయవలెను. విడిభాగము కొనుటకు ముందు దోషమెక్కడిదో కొలిచి తెలిసికొనుట ఇంటికిని, ఇంజనుకును మేలు.