కారులో స్పార్క్ రాకపోతే ఏం చూడాలి?



ఒక వానాకాలం ఉదయం మా పాత మారుతి 800 మొరాయించింది. సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, ఇంజను మాత్రం అందుకోవడం లేదు. మెకానిక్ కాయిల్ మార్చాడు, తర్వాత ప్లగ్గులు మార్చాడు. ఫలితం లేదు. చివరకు చూస్తే డిస్ట్రిబ్యూటర్ మూత లోపల చెమ్మ! పొడిగుడ్డతో తుడవగానే బండి స్టార్టయింది. అనవసరంగా కొన్న సామాన్ల డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

బ్యాంకులో లెక్క కుదరనప్పుడు పుస్తకమంతా తిరగరాయం, తేడా ఎక్కడ మొదలైందో వెతుకుతాం. ఇక్కడా అంతే.

బ్యాటరీలోని 12 వోల్టుల కరెంటు స్విచ్ ద్వారా కాయిల్‌కు చేరుతుంది. ఆ కరెంటు హఠాత్తుగా తెగినప్పుడు కాయిల్‌లో వేల వోల్టులు పుడతాయి. వాటిని డిస్ట్రిబ్యూటర్‌లోని రోటర్ వంతులవారీగా ఒక్కొక్క ప్లగ్గుకు అందిస్తుంది. డిస్ట్రిబ్యూటర్ ఉన్న పాత పెట్రోలు కార్లలో పరీక్షించే వరుస ఇది:

1. ప్లగ్గు తీగకు స్పార్క్ టెస్టర్ తగిలించి, దాని క్లిప్పును ఇంజను లోహానికి పెట్టి సెల్ఫ్ తిప్పాలి. నీలిరంగు స్పార్క్ బలంగా వస్తే ప్లగ్గులు, పెట్రోలు వైపు చూడాలి.

2. రాకపోతే కాయిల్ నుంచి వచ్చే మధ్య తీగకు అదే పరీక్ష. అక్కడ వస్తే లోపం మూత, రోటర్, ప్లగ్గు తీగల్లో ఉంటుంది.

3. అక్కడా లేకపోతే కీ ఆన్ చేసి కాయిల్ పాజిటివ్ దగ్గర టెస్ట్ ల్యాంపు పెట్టాలి. వెలగకపోతే ఫ్యూజు, స్విచ్, వైర్లు చూడాలి.

4. వెలిగితే ల్యాంపును బ్యాటరీ పాజిటివ్‌కు, కాయిల్ నెగటివ్‌కు మధ్య పెట్టి సెల్ఫ్ తిప్పాలి. మిణుకు మిణుకుమంటే అనుమానం కాయిల్, మధ్య తీగల మీద. మిణుకుమనకపోతే పాయింట్లు, కండెన్సర్. ఎలక్ట్రానిక్ రకమైతే పికప్, మాడ్యూల్.

జాగ్రత్త: గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేక్ వేసి ఉండాలి. పెట్రోలు వాసన వస్తుంటే పరీక్ష చేయరాదు. తీగను చేత్తో పట్టుకోరాదు.

కొత్త కార్లలో డిస్ట్రిబ్యూటర్ లేదు. క్రాంక్ సెన్సర్, కంప్యూటర్ ఉంటాయి కనుక స్కానర్ కావాలి. అయినా వరుసగా చూసే పద్ధతి మారదు.

ఐటిఐ, డిప్లొమా చదివే పిల్లలు ప్రతి పరీక్ష ఫలితాన్నీ నోటుబుక్కులో రాసుకోవాలి. తల్లిదండ్రులు సామాను కొనే ముందు ఒక్క మాట అడగండి: “ఇది పాడయిందని ఏ పరీక్షలో తేలింది?”