ధనుష్కోటిలో ఒక పూట భోజనం

ఢిల్లీలో కచ్చతీవు ప్రస్తావన ఎన్నికల గాలి వీచినప్పుడు బిగ్గరగా వినిపిస్తుంది. 2024 లోక్‌సభ ఎన్నికల వేళ ఆ పేరు దేశమంతటా మారుమోగింది. 2025 ఏప్రిల్‌లో దానిని తిరిగి పొందాలని తమిళనాడు శాసనసభ తీర్మానించింది. 285 ఎకరాల ఆ దీవిలో కాపురాలు లేవు, తాగే నీరు లేదు. అంతోనియార్ చర్చి ఒక్కటి ఉన్నది. దానికోసం ఇంత వాగ్వాదం ఎందుకో రాజధాని కాగితాలలో కంటే ధనుష్కోటిలోని ఒక పాక హోటలులో ఎక్కువగా బోధపడుతుంది.

రామేశ్వరం నుంచి ఇసుక మేటల మీదుగా పోయే బాట అది. ఒకవైపు బంగాళాఖాతం, మరొకవైపు మన్నారు సింధుశాఖ. 1914 నుంచి మద్రాసు రైలు ఇక్కడి దాకా వచ్చేది. ప్రయాణికులు ఓడలో తలైమన్నారు చేరి, అక్కడ మరో రైలెక్కి కొలంబో పోయేవారు. 1964 డిసెంబరు 22 రాత్రి వచ్చిన పెనుతుపాను ఆ ఊరిని తుడిచిపెట్టింది. పాంబన్ నుంచి వస్తున్న ప్యాసింజరు రైలు వందమందికి పైగా ప్రయాణికులతో సముద్రంలో కలిసిపోయింది. ఈ చోటు నివాసయోగ్యం కాదని ప్రభుత్వం ప్రకటించింది. అయినా జాలరులు తిరిగివచ్చారు. ఊరు కాదన్న చోట పొయ్యి వెలిగించారు.

మేము కూర్చున్నది అటువంటి పొయ్యి పక్కనే. తాటాకు కప్పు, రెండు బల్లలు, ఉప్పూకారం పట్టించి వరుసగా పేర్చిన చేపలు. మనం చేపను చూపితే ఇల్లాలు పెనం మీద వేస్తుంది. సేతుస్నానానికి వచ్చే మన యాత్రికుల పుణ్యమా అని ఆమెకు నాలుగు తెలుగు ముక్కలు వచ్చు. వేడి అన్నం, చింతపండు పులుసు, వంజరం వేపుడు వడ్డించింది. అది పెద్దబోట్ల చేప కాదని, ఇంటివారు వలవేసి పట్టినదని గర్వంగా చెప్పింది. కచ్చతీవు సంగతి అడిగితే మాత్రం నవ్వి, “దీవి ఎవరిదైతేనేం అయ్యా, నీళ్లలో చేప ఉండాలి గదా!” అన్నది.

ఆ మాటలోనే సమస్య సారాంశమంతా ఉన్నది. 1974 జూన్‌లో ఇందిరాగాంధీ, సిరిమావో బండారనాయకే కుదుర్చుకున్న ఒప్పందంతో దీవి శ్రీలంక వైపు చేరింది. మన జాలరులు, యాత్రికులు వీసా లేకుండా అక్కడికి వెళ్లవచ్చునని అందులో రాశారు. 1976లో రెండు ప్రభుత్వాలు మార్చుకున్న లేఖలు ఒకరి జలాలలో మరొకరు వేటాడరాదని తేల్చాయి. ఈ నిర్ణయాల వేళ జాలరులను అడిగినవారెవరు?

అయితే నిజానికి మరో ముఖం కూడా ఉన్నది. సముద్రపు అడుగును గీకి, గుడ్డుతో పిల్లతో సహా ఊడ్చుకుపోయే ట్రాలర్లు మన తీరంలోనే పెరిగాయి. ఇటు మత్స్యసంపద తరిగేకొద్దీ అవి అటు సాగాయి. యుద్ధకాలంలో ఆంక్షల వల్ల సముద్రానికి దూరమైన ఉత్తర శ్రీలంక జాలరులు 2009 తర్వాత మళ్లీ వల పట్టారు. వారి వలలను తెంపుతున్నవి మన ట్రాలర్లే. వారూ తమిళులే, వారూ పేదలే. 2017లో శ్రీలంక అడుగు ట్రాలింగును నిషేధించింది. అదే ఏడాది మన ప్రభుత్వం రెండువేల ట్రాలర్లను లోతు సముద్రపు వేటకు మళ్లించే పథకం ప్రకటించింది. ఆ లక్ష్యం నెరవేరలేదు. అరెస్టులు, బోట్ల జప్తు మాత్రం ఆగలేదు.

తెలుగువారికి ఇది పరాయి కథ కాదు. 2018లో గుజరాత్ తీరం నుంచి వేటకు పోయిన ఉత్తరాంధ్ర జాలరులు పాకిస్తాన్ చేత చిక్కి, 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. నీటిమీద గీత కంటికి కనబడదు. దానిని దాటినవాని ఇంట మాత్రం పొయ్యి ఆరిపోతుంది.

చీకటి పడకముందే యాత్రికులు వెనుదిరగాలి. మేము లేచేసరికి ఆమె మిగిలిన చేపలు లెక్కపెట్టుకుంటున్నది. కచ్చతీవు రేపే తిరిగివచ్చినా, అడుగు గీకే వల మారకపోతే ఆమె పెనం మీదికి చేప రాదు. దీవిని అడిగే గొంతులు ఢిల్లీలో చాలానే ఉన్నాయి. ఆ వలను గురించి అడిగే గొంతు ఎప్పుడు లేస్తుంది?