40 కేబీలో మారియో

మీ ఫోన్‌లో నిన్న తీసిన ఫొటో ఒకటి తెరిచి సైజు చూడండి. రెండు మూడు ఎంబీలైనా ఉంటుంది. మరి 'సూపర్ మారియో బ్రదర్స్' గేమ్? 32 లెవెల్స్, బొమ్మలు, మ్యూజిక్ అన్నీ కలిపి 40 కేబీ! 1985 సెప్టెంబరు 13న జపాన్‌లో నింటెండో విడుదల చేసిన ఈ గేమ్‌కు 2025లో నలభై ఏళ్లు నిండాయి.

నింటెండో పేరు మనలో చాలామందికి అప్పట్లో తెలీదు. మన ఇంట్లో టీవీకి తగిలించింది నకలు మెషీన్. క్యాసెట్ మీద '9999 ఇన్ 1' అని ఉండేది. తీరా చూస్తే ఓ పదిహేను గేమ్స్, తర్వాత మళ్లీ అవే. అయినా సెలవులన్నీ దానికే సరిపోయేవి.

ఈసారి ఆడితే మేఘాల్ని, కింద పొదల్ని పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకటే బొమ్మ! రంగు మార్చారంతే. పుట్టగొడుగులా ఉండే శత్రువు గూంబా సంగతి ఇంకా బాగుంటుంది. తాబేళ్లు మాత్రమే ఉంటే కొత్తవాళ్లకు కష్టమవుతోందని దాన్ని చివర్లో చేర్చారు. అప్పటికి మెమరీ దాదాపు నిండిపోయింది. అందుకే ఒక్క బొమ్మనే కుడిఎడమలు తిప్పుతూ నడిపించారు. డైరెక్టర్ షిగెరు మియమోటో మొదటి లెవెల్లో ఒక్క సూచనా రాయలేదు. గూంబా తగిలి చస్తే ఎగరాలని మనకే అర్థమవుతుంది.

ఉద్యోగాల పేజీలో ఈ గోలేంటి అంటారా? నా మొదటి ఇంటర్వ్యూలో ఫైనలియర్ ప్రాజెక్టు చూపించా. అటెండెన్స్ యాప్, చక్కగా పనిచేస్తోంది. 'ఈ లైబ్రరీయే ఎందుకు వాడారు?' అన్నారు. నోరు పెగల్లేదు. యూట్యూబ్‌లో అదే వాడారు కాబట్టి వాడా, ఆ మాట చెప్పలేకపోయా. ఉద్యోగం రాలేదు. వాళ్లను తప్పుపట్టలేను కూడా.

అందుకే మీ రెజ్యూమెలో 'పైథాన్, మైఎస్‌క్యూఎల్ వాడాం' దగ్గరే ఆగకండి. ఏ ఇబ్బంది వచ్చింది, ఏది వదిలేశారు, ఎందుకు... ఒక్క లైను కలపండి. 'క్లాస్‌రూమ్‌లో సిగ్నల్ ఉండదు, అందుకే డేటా ముందు ఫోన్‌లోనే దాచి తర్వాత పంపించాం' లాంటిది. నిజంగా చేసుంటేనే సుమా! ప్యానెల్ వాళ్ల తర్వాతి ప్రశ్న ఎక్కువగా ఆ లైను మీదే ఉంటుంది.