కార్డినలు బెల్లార్మీను – మధుర జందెపు వివాదము

వేలూరు కోటలో రెండవ వేంకటపతిరాయలు కొలువుదీరిన కాలమున మధురను తెలుగు నాయకులు పాలించుచుండిరి. నాడు మధురలో పుట్టిన యొక వివాదము రోమునందలి కార్డినలు బెల్లార్మీనును కలవరపెట్టెను. పోపును ఎన్నుకొను అధికారము గల కతోలిక మతాధికారులకే కార్డినళ్లని పేరు.

రాబర్టు బెల్లార్మీను 1542లో ఇటలీలోని మోంటెపుల్చానో పట్టణమున, కలిమి తరిగిన కులీన వంశమున జన్మించెను. ఆయన తల్లి రెండవ మార్సెల్లసు పోపునకు సోదరి. 1560లో జెసూటు సంఘమున చేరి, వేదాంతశాస్త్ర పండితుడై, 1599లో కార్డినలు పదవి నందెను.

ఆయన బంధువగు రాబర్టు డి నొబిలి 1606లో మధుర చేరెను. తమిళ, తెలుగు భాషలు నేర్చి, శివధర్ముడను తెలుగు బ్రాహ్మణునియొద్ద సంస్కృత మభ్యసించెను. కావివస్త్రములు ధరించి, తనవలన క్రైస్తవులైన వారు జందెమును, శిఖను విడువ నక్కరలేదనెను. ఇది మతభ్రష్టత్వమని తోడి గురువులే ఆక్షేపించిరి.

ఆ వార్త విని బెల్లార్మీను తొలుత నొబిలిని మందలించెను. అవి కులమర్యాదను తెలుపు గురుతులే గాని మతచిహ్నములు కావని నొబిలి ప్రమాణపూర్వకముగా సమాధానము వ్రాసెను. దానిని చదివి కార్డినలు తన యభిప్రాయమును మార్చుకొని, నొబిలి పక్షము వహించెను. 1621లో ఆయన మరణించెను. 1623లో పదునైదవ గ్రెగరీ పోపు ఆ యాచారముల ననుమతించెను.

బంధువని బెల్లార్మీను ఉపేక్షింపలేదు; అధికారినని పట్టుపట్టలేదు. కులీనత యనదగినది ఇదియే.