తేనెకన్నా ఖరీదైన మైనం

కిలో మైనం తయారుకావాలంటే తేనెటీగలు ఆరు నుంచి ఎనిమిది కిలోల తేనె ఖర్చు చేయాలని పెంపకందారుల అంచనా. అందుకే తేనెపట్టులో అసలు ఆస్తి తేనె కాదు, దాన్ని దాచిన గదులే అంటాను.

ఈ మైనం పూలనుంచి తెచ్చేది కాదు. పుట్టి రెండు వారాలు కావస్తున్న కూలి ఈగ పొట్ట అడుగున నాలుగు జతల గ్రంథుల్లో ఊరుతుంది. బయటికి రాగానే పలచని రేకుగా గట్టిపడుతుంది. ఈగ ఆ రేకును కాళ్లతో నోటికి అందించుకుని, లాలాజలం కలిపి నమిలి, మెత్తబడ్డాక గోడకు అతికిస్తుంది. గూటిలో వేడి 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ వేడికి మైనం కరగదు గానీ, వంచినట్టు వంగుతుంది.

గదికి ఆరు గోడలే ఎందుకు? ఖాళీ మిగలకుండా, ఒకే వైశాల్యంతో గదులు కట్టాలంటే అతి తక్కువ గోడ పట్టేది షడ్భుజానికే. అలెగ్జాండ్రియా గణితజ్ఞుడు పాపస్ నాలుగో శతాబ్దంలోనే ఈ పొదుపు గురించి రాశాడు. సమతలంపై దాన్ని ఏ ఆకారానికైనా వర్తించేలా థామస్ హేల్స్ నిరూపించింది మాత్రం 1999లో! గోడ మందం మిల్లీమీటరులో పదోవంతు కూడా ఉండదు. పట్టుకు రెండు వైపులా గదులుంటాయి. ఇటువైపు గది అడుగు అటువైపు మూడు గదులు కలిసేచోట పడుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఆశ్చర్యం తీరని పనితనం ఇది.

మనిషికి ఈ మైనం ఎంత పనికొస్తుందో ఆదిలాబాద్ డోక్రా బొమ్మల్లో చూడాలి. ఓజ కళాకారులు మట్టి ముద్దపై మైనపు దారాలు చుట్టి నగిషీ తీరుస్తారు. పైన మట్టి పూసి కాలిస్తే మైనం కరిగిపోతుంది. ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. 2018లో ఈ కళకు భౌగోళిక గుర్తింపు దక్కింది.

ఇంత ఖరీదైన పట్టును పిండకుండా తేనె తీసే దారి పంతొమ్మిదో శతాబ్దంలో దొరికింది. 6 నుంచి 9 మిల్లీమీటర్ల సందును ఈగలు మైనంతో పూడ్చవని 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అనే పెంపకందారు గమనించి, పైకి తీయగలిగే చట్రాలతో పెట్టె తయారుచేశాడు. 1865లో హ్రుష్కా అనే మరో పెంపకందారు, పట్టును గిర్రున తిప్పి తేనె రాబట్టే యంత్రం చూపాడు. ఖాళీ పట్టును తిరిగి పెట్టెలో పెడితే ఈగలకు మైనం ఖర్చు తప్పుతుంది.

కొండ తేనెటీగ మాత్రం పెట్టెలో ఇమడదు. నల్లమలలో చెంచులు కొండచరియలపై తాళ్లతో దిగి దాని తేనె తీస్తారు. ఒకే పెద్ద పలకలా వేలాడే ఆ పట్టులో తేనె పైభాగాన, పిల్లలు కిందిభాగాన ఉంటాయి. కాగడాతో ఈగల్ని కాల్చి పట్టంతా తెంపడం నాకు ఘోరంగా తోస్తుంది. పొగతో ఈగల్ని తప్పించి తేనె గదుల్ని మాత్రమే కోస్తే, పిల్లలున్న భాగం మిగులుతుంది, కోసినచోట ఈగలు మళ్లీ గదులు కట్టుకోగలుగుతాయి.